ఫైర్‌వాల్ ఏదని అడిగే ముందు ప్యాకెట్లు లెక్కపెట్టండి

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. బీటెక్ ఈసీఈ ఆఖరి సంవత్సరం. మా బాబాయికి 400 ఇళ్లకు నెట్ ఇచ్చే కేబుల్ వ్యాపారం ఉంది. రాత్రి 8 దాటితే నెట్ నత్తనడకే. ఓపెన్‌సోర్స్ ఫైర్‌వాల్ పెట్టమంటున్నాడు. ఎక్కువ ట్రాఫిక్‌ను తట్టుకునేది ఏది? ఈ పని నేర్చుకుంటే ఉద్యోగం వస్తుందా?

జవాబు: ముందు పైనుంచి వచ్చే లైను రాత్రిపూట నిండిపోతోందేమో చూడండి. ఫైర్‌వాల్ అంటే వచ్చీపోయే ట్రాఫిక్‌ను రూల్స్ ప్రకారం వడకట్టే కాపలాదారు. లైనే నిండితే ఏ ఫైర్‌వాల్ పెట్టినా లాభం లేదు.

లైను ఖాళీగా ఉండి కూడా నెమ్మదిస్తుంటే ప్యాకెట్లు, అంటే డేటా ప్రయాణించే చిన్న చిన్న ముక్కలు, లెక్కపెట్టండి. ఒక గిగాబిట్ లైనులో పెద్ద ప్యాకెట్లయితే సెకనుకు 81 వేలే, మరీ చిన్నవైతే 14.88 లక్షలు. ఫైర్‌వాల్ అలసిపోయేది ఈ చిన్నవాటితోనే. మీ ఊరి కాలవ తూము దగ్గర చూసే ఉంటారు, ఎంత నీరొచ్చినా దిగిపోతుంది, గుర్రపుడెక్క అడ్డం పడితేనే ఎగదన్నుతుంది.

లినక్స్‌లోని పాత ఫైర్‌వాల్ ఐపీటేబుల్స్, రూల్స్‌ను పైనుంచి ఒక్కొక్కటే చదువుకుంటూ పోతుంది. 5,000 అడ్రస్‌లకు 5,000 రూల్స్ రాస్తే ప్రతి కొత్త కనెక్షన్ వాటన్నిటినీ దాటాలి. 2014లో లినక్స్ కెర్నల్ 3.13తో దాని స్థానంలో వచ్చిన ఎన్‌ఎఫ్‌టేబుల్స్‌లో ఆ అడ్రస్‌లన్నీ ఒకే సెట్‌లో పెట్టి, ఒక్క రూల్‌తో వెతకొచ్చు. ఇప్పుడున్నది లినక్స్ పెట్టె అయితే ఒకసారి డీమెసేజ్ (dmesg) కమాండ్ కొట్టి చూడండి. ‘టేబుల్ ఫుల్, డ్రాపింగ్ ప్యాకెట్’ అని కనిపిస్తే కనెక్షన్ల పట్టిక నిండిపోయిందన్నమాట. మెమరీ చూసుకుని దాని పరిమితి పెంచితే చాలు, కొత్త పెట్టె కొనక్కర్లేదు.

కొత్త ఫైర్‌వాల్ పెట్టాల్సే వస్తే, మీరు ఉద్యోగానికి వెళ్లాక ఆ పెట్టెను చూసుకునేది బాబాయే కదా. అందుకే అక్కడ ఓపీఎన్‌సెన్స్ అనే ఓపెన్‌సోర్స్ ఫైర్‌వాల్ పెట్టండి. బ్రౌజర్‌లోనే అన్నీ మార్చుకోవచ్చు. ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడుస్తుంది కాబట్టి దానికి బాగా కుదిరే ఇంటెల్ నెట్‌వర్క్ కార్డు వేయండి, ఇక్కడ మాత్రం పొదుపు చూడొద్దు. అందులో దాడులను పసిగట్టే సురికాటా ఆన్ చేస్తే వేగం బాగా పడిపోతుంది, అవసరమైతేనే చేయండి.

మీరు నేర్చుకోవాల్సింది మాత్రం ఎన్‌ఎఫ్‌టేబుల్స్. సర్వర్లలో ఎక్కువ కనిపించేది లినక్సే. లినక్స్‌లో ఒక రకమైన డెబియన్‌లో 10వ వెర్షన్ నుంచి ఐపీటేబుల్స్ కమాండ్ కొట్టినా మామూలుగా లోపల పనిచేసేది ఇదే.

ఇక ఉద్యోగం సంగతి. నెట్‌వర్క్ సపోర్ట్‌తో మొదలవుతుంది, మొదట్లో నైట్ షిఫ్టులు తప్పవు. సర్టిఫికెట్ పనికొస్తుంది గానీ, 400 ఇళ్ల ట్రాఫిక్ చేతిలో ఉన్న విద్యార్థులు ఎంతమంది? వారం రోజులు రాత్రి 8 నుంచి 11 దాకా గంటగంటకూ ప్యాకెట్లు, సీపీయూ వాడకం, కనెక్షన్ల సంఖ్య రాసుకోండి. మార్పులు మాత్రం జనం నిద్రపోయాక, తెల్లవారుజామున చేయండి. మళ్లీ వారం రాయండి. ఆ రెండు వారాల లెక్కలూ ఒకే కాగితం మీద వేసి ఇంటర్వ్యూకి పట్టుకెళ్లండి.