అన్‌ఇన్‌స్టాల్ చేశాక రిజిస్ట్రీ కూడా శుభ్రం చేయాలా?

ప్రశ్న: ఒక వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తీసేశాను. విండోస్ తన సెట్టింగులన్నీ దాచుకునే రిజిస్ట్రీలో దాని పేరుతో ఎంట్రీలు ఇంకా కనిపిస్తున్నాయి. వీటివల్ల కంప్యూటర్ స్లో అవుతుందా? రిజిస్ట్రీని శుభ్రం చేసే క్లీనర్ సాఫ్ట్‌వేర్‌తో తీసేయమంటారా?

జవాబు: వద్దండి, వదిలేయండి. విండోస్ రిజిస్ట్రీని మొదటి నుంచి చివరిదాకా చదువుకుంటూ కూర్చోదు, తనకు కావలసిన కీ (ఎంట్రీలుండే ఫోల్డర్ లాంటిది) దగ్గరికి నేరుగా వెళ్తుంది, కాబట్టి ఎవరికీ అక్కర్లేని నాలుగు ఎంట్రీలు ఓ మూల పడి ఉన్నంత మాత్రాన వేగం తగ్గదు. పైగా చాలా సాఫ్ట్‌వేర్లు, మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే పనికొస్తాయని, మీ సెట్టింగులను కావాలనే ఉంచి వెళ్తాయి. క్లీనర్ల జోలికి మాత్రం అస్సలు పోవద్దు. రెండు మూడు ప్రోగ్రాములు కలిసి వాడుకునే కీని అది అనవసరమనుకుని తీసేస్తే, బాగా పనిచేస్తున్న ప్రోగ్రాం కాస్తా మూలపడుతుంది. మైక్రోసాఫ్ట్ కూడా వీటికి మద్దతు ఇవ్వదు.

కొత్త వెర్షన్ వేయబోతే ‘పాతది ఇంకా ఉంది’ అంటూ ఆగిపోయినా, రైట్ క్లిక్ మెనూలో తీసేసిన ప్రోగ్రాం పేరు వస్తున్నా అది వేరే సంగతి. అప్పుడు విండోస్‌తోనే వచ్చే రిజిస్ట్రీ ఎడిటర్‌లో ఆ కీ మీద రైట్ క్లిక్ చేసి, ఎక్స్‌పోర్ట్ నొక్కి, ఫైల్ దాచుకున్నాకే ఆ ఒక్క కీని డిలీట్ చేయండి. తేడా వస్తే టెన్షన్ పడకండి, దాచిన ఫైల్‌ను డబుల్ క్లిక్ చేసి ‘యస్’ అంటే కీ తిరిగొస్తుంది.