రికార్డులో విసుగు పుట్టించిన బ్లూస్, ఎదురుగా కూర్చుని విన్నప్పుడు

ఫోక్ బ్లూస్, అంటే అమెరికా నల్లజాతివారి పల్లెపాటల సంగీతం, రికార్డుల్లో అన్నీ ఒకే పాటలా వినిపిస్తున్నాయని, ఎదురుగా కూర్చుని వింటే తేడా తెలుస్తుందా అని ఒకరు అడిగారు. నాదీ ఒకప్పుడు అదే ఫిర్యాదు. బ్లూస్ గాయకుడు, గిటారిస్టు జిమ్మీ ‘డక్’ హోమ్స్ 2019 ఆల్బం కారులో పెట్టుకుని మూడో పాటకే ఆపేశాను.

తర్వాత అమెరికాలో మిసిసిపీ రాష్ట్రంలోని జాక్సన్‌లో ఉంటున్న తమ్ముడి దగ్గరికి వెళ్లినప్పుడు ఇద్దరం హోమ్స్ ఊరు బెంటోనియాకు బయలుదేరాం. చిన్న ఊరు. రైలు పట్టాల దగ్గర బ్లూ ఫ్రంట్ కేఫ్. 1948లో హోమ్స్ తల్లిదండ్రులు తెరిచారు, 1970 నుంచి ఆయన చేతికి వచ్చింది. కేఫ్ అనగానే ఏదో ఊహించుకోకండి, సిమెంటు ఇటుకల గది అంతే. మాకు కూల్‌డ్రింకులు అందించిన పెద్దాయనే హోమ్స్. కాసేపటికి కుర్చీ లాక్కుని గిటార్ ఒళ్లో పెట్టుకున్నారు.

ఏ తీగనూ నొక్కకుండా మీటితేనే మైనర్ కార్డ్ (chord), అంటే దిగులుగా వినిపించే స్వరాల కలయిక, మోగింది. అక్కడి శ్రుతే అది. పాతతరం బ్లూస్ గాయకుడు స్కిప్ జేమ్స్ ఊరు కదా! హోమ్స్‌కు ఈ పద్ధతి నేర్పింది అదే ఊరి బ్లూస్ గాయకుడు జాక్ ఓవెన్స్. బొటనవేలు లావు తీగను వదలదు, ఎడమచెయ్యి పెద్దగా కదలదు. మామూలుగా బ్లూస్‌కు 12 బార్ల (తాళంలో ఒక్కో చుట్టు ఒక బార్) లెక్క ఉంటుంది. నేను బల్ల కింద వేళ్లు మడుస్తూ లెక్కపెట్టాను, రెండో చరణానికే తప్పింది. ఒకసారి గొంతు ముందే అందుకుంటుంది, ఇంకోసారి గిటార్ మరో రెండు చుట్లు తిరిగాక గానీ మాట రాదు. పాడబోయే ముందు ఆయన గడ్డం కాస్త పైకి లేస్తుంది. అది కనిపెట్టాక లెక్క మానేసి ఆ గడ్డాన్నే చూస్తూ కూర్చున్నాను. కారులో నాకు అందనిది ఈ ఎదురుచూపే.

తమ్ముడు మాత్రం ఫోనులో వీడియో తీశాడు. ఇంటికొచ్చి చూస్తే అందులో పాటకన్నా ఫ్రిజ్ మోతే ఎక్కువ.

గంట దాటాక నాకు కొంచెం బరువుగానే అనిపించింది, దాచడమెందుకు. హుషారైన పాటలు కావాలంటే బ్లూస్ గాయకుడు కెబ్ మో కచేరీకి వెళ్లండి. బెంటోనియాలో 1972 నుంచి బ్లూస్ ఉత్సవం కూడా జరుగుతోంది గానీ, నన్నడిగితే జనం లేని మామూలు రోజే మేలు. హోమ్స్ 1947లో పుట్టారు, కాబట్టి ఆయన ఆ రోజు వాయిస్తారో లేదో ముందే కనుక్కోండి. ఆయనకు ఇవ్వడానికి జేబులో నాలుగు చిన్న నోట్లు ఉంచుకోండి, మా దగ్గర బ్యాంకు కార్డు తప్ప ఏమీ లేక సిగ్గుపడ్డాం.