స్క్రీన్ మీద కచ్చితంగా గీసినా లేజర్ కట్టర్‌లో కోసిన ముక్కలు ఎందుకు వదులుగా వస్తాయి?

లేజర్ కిరణం కోస్తూ వెళ్లిన దారిలో కొంత పదార్థం ఆవిరైపోతుంది కాబట్టి ముక్కలు వదులవుతాయి. ఆ సన్నని సందును కెర్ఫ్ అంటారు. చెక్క, యాక్రిలిక్‌లలో సాధారణంగా అది 0.1 నుంచి 0.3 మిల్లీమీటర్లు ఉంటుంది. కిరణం నడిమి భాగం గీత మీద నడుస్తుంది, అందుకే గీతకు అటూ ఇటూ సగం సగం పోతుంది.

కెర్ఫ్ 0.2 అనుకోండి. 3 మిల్లీమీటర్ల వెడల్పుతో గీసిన గాడి 3.2 అవుతుంది, అందులో 3 మిల్లీమీటర్ల ప్లైవుడ్ దూర్చితే కదులుతుంది. 2.8గా గీస్తే సరిపోతుంది.

పిల్లలు చాలామంది మెషిన్ తప్పు కోసిందనుకుంటారు. నిజానికి అది గీసిన గీత మీదే కదిలింది, సవరించాల్సింది డ్రాయింగ్‌నే. పైగా ‘3 ఎంఎం’ అని అమ్మే ప్లైవుడ్ మందం ఒక్కోసారి కాస్త తేడాగా ఉంటుంది, ముందు వెర్నియర్ కాలిపర్‌తో కొలిపించండి.