టారిఫ్ దెబ్బ ఒకే ఇంటికి రెండుసార్లు తగలకూడదు

ప్రశ్న (2025 డిసెంబరు): మాది బరంపురం. మావారు ఒక ప్రైవేటు కంపెనీలో పనిచేసి, అరవై నిండి 2025 జూన్‌లో రిటైరయ్యారు. పీఎఫ్, గ్రాట్యుటీ కలిపి 24 లక్షలు వచ్చాయి. పెన్షన్ చాలా తక్కువ. మా మరిది సోనాపూర్ వైపు రొయ్యల చెరువులు లీజుకి తీసుకుని చేస్తున్నాడు. అతనికి మేం మూడు లక్షలు సర్దాం. అబ్బాయి దుబాయ్‌లో ఎలక్ట్రీషియన్. 2027 మొదట్లో అమ్మాయి పెళ్ళి అనుకుంటున్నాం. అమెరికా వేసిన టారిఫ్‌ల (దిగుమతి సుంకాల) వల్ల డాలరు 90 దాటిందని టీవీలో చూసి టెన్షన్‌గా ఉంది. తెలిసిన ఏజెంటు ఒకాయన, ‘వడ్డీ రేట్లు తగ్గుతున్నాయి కాబట్టి బాండ్ల ధర పెరుగుతుంది, గవర్నమెంటు బాండ్ల ఫండులో 15 లక్షలు పెట్టండి, రిస్కే లేదు’ అంటున్నాడు. పెట్టమంటారా? అబ్బాయిని డబ్బు పంపకుండా డాలరు 95 అయ్యేదాకా ఆగమనాలా?

జవాబు:

అమ్మా, మీరు ఒక్క మాటలో చెప్పి వదిలేసిన మీ మరిది చెరువుల దగ్గరే మొదలుపెడతాను. మీ ప్రశ్నకి సగం జవాబు అక్కడే ఉంది.

సెప్టెంబరులో ఒక క్లయింటు పని మీద సోనాపూర్ వైపు వెళ్ళినప్పుడు తెల్లవారుజామున ఒక చెరువులో పట్టుబడి చూశాను. వల లాగి, బుట్టలు కాటా మీద పెట్టి, వెంటవెంటనే ఐసు కొడుతున్నారు. కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే దాన్ని అంత కౌంట్ అంటారు కదా. కిలోకి 40 తూగేదాకా పెంచుదామనుకున్న రొయ్యని ఆ రైతు 90 కౌంట్‌లోనే పట్టేస్తున్నాడు. ఎందుకని అడిగితే, ‘పెద్ద సైజు ఎక్కువగా అమెరికాకే పోతుంది సార్. ఇంకో నెలన్నర మేత పెట్టి పెంచాక కొనేవాడు లేకపోతే మేత అప్పు నా నెత్తిన పడుతుంది’ అన్నాడు. నీటికి గాలి అందించే ఏరేటర్లు ఆపేసిన ఆ చెరువు గట్టు మీద నిలబడి నేను విన్న ఆర్థికశాస్త్రం అదే. నాకు అంతకన్నా సూటిగా ఎవరూ చెప్పలేదు.

మన రొయ్యలకి అమెరికా అన్నిటికన్నా పెద్ద మార్కెట్. 2025 ఆగస్టు 7న మన సరుకు మీద 25 శాతం సుంకం పడింది. రష్యా చమురు కొంటున్నామన్న కారణంతో ఆగస్టు 27న ఇంకో 25 కలిపారు. మరీ చవకగా అమ్ముతున్నారని రొయ్య మీద ముందునుంచీ వేస్తున్న యాంటీ డంపింగ్ లాంటి సుంకాలు వీటికి అదనం. మనతో పోటీపడే ఈక్వడార్‌కి పడింది 15 శాతమే. అమెరికాలో కొనేవాడు ఎటు తిరుగుతాడో చెప్పక్కర్లేదు.

ఇప్పుడు రూపాయి సంగతి. మన దగ్గర ఆగిపోయిన ప్రతి కంటైనరు వల్లా దేశానికి రావలసిన డాలర్లు ఆ మేరకు తగ్గాయి. వచ్చేవి తగ్గినా, మనం కొనాల్సినవి ఆగవు. చమురు కొనాలి, బంగారం కొనాలి. అక్టోబరులో పండగల బంగారం కూడా తోడై మన వాణిజ్య లోటు, అంటే బయటికి అమ్మినదానికన్నా బయటినుంచి ఎక్కువ కొన్నది, 4,100 కోట్ల డాలర్లు దాటింది. అది రికార్డు. ఇటు విదేశీ మదుపరులు మన షేర్లు అమ్మి డాలర్లు పట్టుకెళ్ళారు. అందుకని తప్పంతా టారిఫ్‌ల మీద వేయలేం. కానీ ఇవన్నీ ఒకేసారి కలిసొచ్చాయి. ఏడాది మొదట్లో 86కి అటూ ఇటూగా ఉన్న డాలరు డిసెంబరు 3న 90 దాటింది. మీ మరిదికి ఇందులో కాస్త ఊరట ఉంది. అదే డాలరుకి నాలుగు రూపాయలు ఎక్కువొస్తాయి. కానీ ఈ ఐదు శాతం ఆ యాభై శాతానికి ఏ మూలకి?

బాండ్ల దగ్గరికి వద్దాం. ఇక్కడ ఒక మెలిక అర్థమైతే మిగతాదంతా తేలికే. బాండు అంటే ప్రభుత్వం రాసిచ్చిన అప్పు పత్రం. దాని మీద వడ్డీ ముందే రాసి ఉంటుంది, మారదు. మారేది మార్కెట్లో దాని ధర. 2025 మే 5న ప్రభుత్వం పదేళ్ళకి 6.33 శాతం వడ్డీతో ఒక బాండు ఇచ్చింది. మీరు పది లక్షలు పెట్టి కొన్నారనుకోండి. ఆరు నెలలకోసారి 31,650 రూపాయలు వస్తాయి, 2035 మే 5న పది లక్షలూ తిరిగొస్తాయి. ఈలోగా మార్కెట్టు 6.60 శాతం అడగడం మొదలుపెట్టిందనుకుందాం. మీ 6.33 పత్రాన్ని పూర్తి ధరకి ఎవరు కొంటారు? నూటికి 98 రూపాయలు చేతిలో పెడితేనే కొనేవాడికి గిట్టుబాటవుతుంది. అంటే ఆ రోజున అమ్మితే మీ పది లక్షలు తొమ్మిది లక్షల ఎనభై వేలు. పావు శాతం కదలికకే ఇరవై వేలు పోయాయి. మార్కెట్టు అడిగే ఈ వడ్డీనే రాబడి అంటారు. రాబడి పెరిగితే ధర పడుతుంది, రాబడి తగ్గితే ధర లేస్తుంది. తరాజు పళ్ళేల్లాగా.

టారిఫ్ ఈ తరాజుని రెండు వైపులా లాగుతుంది. ఆర్డర్లు ఆగితే పనులు తగ్గుతాయి. మన గంజాం జిల్లా కుర్రాళ్ళు వేలమంది సూరత్ మగ్గాల మీద బతుకుతున్నారు, అక్కడా ఈ దెబ్బ తగిలింది. పనులు తగ్గినప్పుడు, ధరలు కూడా అదుపులో ఉంటే, రిజర్వు బ్యాంకు వడ్డీ తగ్గిస్తుంది. అది బాండుకి మంచిది. మీ ఏజెంటు చెప్పింది ఈ సగమే. రెండో సగం ఇది: రూపాయి మరీ జారకుండా రిజర్వు బ్యాంకు తన దగ్గరున్న డాలర్లు అమ్ముతుంది. ఒక్కో డాలరు అమ్మినప్పుడల్లా బ్యాంకుల దగ్గరున్న 90 రూపాయలు రిజర్వు బ్యాంకు ఖజానాలోకి వెళ్ళిపోతాయి. బ్యాంకుల దగ్గర డబ్బు బిగుసుకుంటుంది. బాండ్లు కొనే చేతులు తగ్గుతాయి. ఇక దెబ్బతిన్న వ్యాపారాలకి ఊతమివ్వడానికి ప్రభుత్వం పన్నులు తగ్గిస్తే, ఆ లోటు అప్పుతో పూడుస్తుందేమోనని మార్కెట్టు భయపడుతుంది. ఆగస్టు 15న జీఎస్టీ తగ్గిస్తామని ఎర్రకోట మీద ప్రకటించగానే బాండ్ల రాబడి పైకి పోవడానికి ఆ భయమే కారణం.

లెక్క చూడండి. 2025లో రెపో రేటు, అంటే రిజర్వు బ్యాంకు బ్యాంకులకి అప్పిచ్చే వడ్డీ, 6.50 నుంచి నాలుగు విడతల్లో 5.25కి దిగింది. అంటే ఒకటింపావు శాతం. పదేళ్ళ బాండు రాబడి మాత్రం ఏడాది మొదట్లో ఆరు ముప్పావు దగ్గరుండి, డిసెంబరు నాటికి ఆరున్నర చుట్టుపక్కలకి వచ్చింది. మధ్యలో జూన్ నాటికి 6.3 దాకా దిగి, ఆగస్టు చివరికి 6.6కి ఎక్కింది. రెపో తగ్గినంతా బాండుకి అందలేదు. డిసెంబరు 5న రేటు తగ్గించిన రోజే రిజర్వు బ్యాంకు లక్ష కోట్ల రూపాయల బాండ్లు తనే కొంటానని, 500 కోట్ల డాలర్ల స్వాప్ (బ్యాంకుల దగ్గర డాలర్లు తీసుకుని కొంతకాలానికి రూపాయలివ్వడం) చేస్తానని చెప్పింది. బిగుసుకున్న డబ్బుని మళ్ళీ బ్యాంకుల్లోకి వదలడానికే అది.

అమెరికాలోనూ లెక్క తారుమారైంది. దిగుమతుల మీద సుంకం వేసిన దేశం బయటి సరుకు తక్కువ కొంటుంది కాబట్టి దాని కరెన్సీ బలపడాలని పాఠం. 2025 ఏప్రిల్ 2న వాళ్ళు ప్రపంచం మొత్తం మీద సుంకాలు ప్రకటించాక జరిగింది వేరు. మొదటి రెండు రోజులు వాళ్ళ పదేళ్ళ బాండు రాబడి 4 శాతానికి దిగింది. ఆ తర్వాత వారంలోనే నాలుగున్నర దగ్గరికి ఎక్కింది. డాలరు కూడా పడింది. భయం వేసినప్పుడు లోకమంతా పరుగెత్తేది ఆ బాండ్ల దగ్గరికే. అలాంటిది ఆ వారం వాటినే అమ్ముకున్నారు. అంత పెద్ద మార్కెట్టులోనే వారం తిరక్కుండా దిశ మారితే, దాన్ని ముందే ఊహించి మీ రిటైర్మెంట్ డబ్బు పెట్టమని నేనెలా చెప్పను?

దీన్ని ఇంత గట్టిగా చెప్పడానికి నాకు సొంత కారణం ఒకటుంది. 2013 మేలో మా పిన్ని దగ్గర ఐదు లక్షలుంటే నేనే ఒక గిల్ట్ ఫండులో, అంటే ప్రభుత్వ బాండ్ల ఫండులో, పెట్టించాను. అప్పుడూ ఇదే మాట, వడ్డీలు తగ్గుతున్నాయని. ఆ నెలాఖర్లో అమెరికా కేంద్ర బ్యాంకు తన బాండ్ల కొనుగోళ్ళు తగ్గిస్తానని సూచన ఇచ్చింది. మేలో 55 దగ్గరున్న డాలరు ఆగస్టు 28 నాటికి 68 దాటింది. రూపాయిని కాపాడటానికి జూలైలో రిజర్వు బ్యాంకు బ్యాంకులకిచ్చే డబ్బు ఒక్కసారిగా బిగించింది. ఏడుకి కాస్త పైనున్న పదేళ్ళ రాబడి మూడు నెలల్లో తొమ్మిది దాటిపోయింది. పిన్ని ఐదు లక్షలు నాలుగు లక్షల అరవై వేలయ్యాయి. సరిగ్గా అప్పుడే బాబాయికి ఆపరేషన్ వచ్చింది. నష్టానికే అమ్మాం. ప్రభుత్వం ఎవరికీ ఒక్క రూపాయి ఎగ్గొట్టలేదు. కానీ డబ్బు కావలసిన రోజు, ధర పడిన రోజు ఒకటే అయ్యాయి. ఆ తర్వాత నేను ఎవరికి సలహా ఇచ్చినా ముందు అడిగేది, ఈ డబ్బు మీకు ఏ సంవత్సరం కావాలి అని. ఇవాళ పరిస్థితి 2013లా లేదు. అప్పుడు ధరలు మండుతున్నాయి, 2025 అక్టోబరులో ధరల పెరుగుదల 0.25 శాతమే. అయినా ఆ ప్రశ్న మారదు.

మీ ఇంట్లో అసలు విషయం ఇది. టారిఫ్ దెబ్బ మీకు ఇప్పటికే ఒకసారి తగిలింది. మరిదికిచ్చిన మూడు లక్షలు ఆ చెరువులోనే ఉన్నాయి. రూపాయి జారి, బాండ్ల ధర పడే రోజు వస్తే, బహుశా ఆ రోజే అతనూ చేయి చాపుతాడు. అప్పుడు మీరు తీసుకోవలసిన డబ్బు కూడా అదే దెబ్బకి తగ్గిపోయి ఉండకూడదు. అందుకే ఆ ఫండు వద్దంటున్నాను. ఫండు చెడ్డదని కాదు. దానికి 2035 మే 5 లాంటి గడువు తేదీ ఉండదు. పాత బాండ్లు అమ్మి కొత్త పొడవాటి బాండ్లు కొంటూనే ఉంటుంది. మీరు ఓపిక పట్టినా, ఫలానా రోజున ఇంత ఇస్తామని రాసిచ్చేవాళ్ళుండరు.

నేనైతే ఇలా చేస్తాను. 15 లక్షలు మీవారి పేరున పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీములో వేయండి. ఐదేళ్ళు, 8.2 శాతం, మూడు నెలలకోసారి 30,750 రూపాయలు ఖాతాలో పడతాయి. ఇదీ ప్రభుత్వ హామీయే. ఒకసారి వేశాక మీ రేటు ఐదేళ్ళూ మారదు, ధర పడటమనేదే లేదు. పదేళ్ళ బాండు ఆరున్నర ఇస్తున్నప్పుడు ఇది ఎనిమిది పైచిలుకు ఇస్తోంది, ముందు దీన్ని వదులుకోకూడదు. మిమ్మల్ని జాయింటుగా పెట్టించుకోండి, నామినీ రాయించండి, పన్ను పడే ఆదాయం లేకపోతే, వడ్డీలో పన్ను కోయకుండా ఏటా ఏప్రిల్‌లో ఫారం ఇవ్వండి. పెళ్ళికి ఐదు లక్షలు బ్యాంకులో ఎఫ్‌డీ, ముహూర్తానికి రెండు నెలల ముందు గడువు తీరేలా. రెండు లక్షలు సేవింగ్స్ ఖాతాలో, దేనికీ కదపకండి. మిగిలిన రెండు లక్షలతో బాండు ముచ్చట తీర్చుకోవాలనుంటే రిజర్వు బ్యాంకు రిటైల్ డైరెక్ట్‌లో ఖాతా తెరిచి నేరుగా కొనుక్కోవచ్చు. పదివేల నుంచి మొదలు, కమీషన్ లేదు. గడువుదాకా ఉంచుకోగలిగితేనే కొనండి. మధ్యలో ధర చూసుకుంటూ నిద్ర పాడుచేసుకునేలా ఉంటే అదీ సీనియర్ సిటిజన్ స్కీములోనే కలిపేయండి.

అబ్బాయి విషయం తొందరగా తేలేదే. దుబాయ్ దిర్హం డాలరుతో కట్టేసి ఉంటుంది, ఒక డాలరుకి 3.6725. డాలరు 90 అంటే దిర్హం ఇరవై నాలుగున్నర రూపాయలు. నెలకి రెండు వేల దిర్హాలు పంపితే, 2025 జనవరిలో 46,600 వచ్చేవి డిసెంబరు నాటికి 49,000 అయ్యాయి. 95 అవుతుందని ఆపమనకండి. వాణిజ్య ఒప్పందం కుదిరిందన్న ఒక్క వార్త చాలు, రూపాయి ఒక్కరోజులో వెనక్కి లాక్కోవడానికి. ఇంటి ఖర్చుకి, పెళ్ళికి కావలసింది నెలనెలా మామూలుగా పంపమనండి. అక్కడ ఉద్యోగం పోతే మూడు నెలలు బతకడానికి సరిపడా మాత్రం అక్కడే దిర్హాల్లో దాచుకోమనండి. అది అతని భద్రత కోసం, రేటు కోసం కాదు.

చివరిగా మీ మరిది. వచ్చే పంటకి సీడ్ (రొయ్య పిల్లలు) వేసేముందు మళ్ళీ అడగొచ్చు. అడిగితే, ఇంట్లో ముగ్గురూ కూర్చుని, ఈసారి ఏ కౌంట్‌కి పట్టాలనుకుంటున్నాడో, అమెరికా కాకుండా ఇంకెవరికి అమ్మే ఏజెంటు దొరికాడో, మేత ఎంత అరువు మీద తెస్తున్నాడో నోరు విప్పి అడగండి. ఇవ్వాలనిపిస్తే ఆ రెండు లక్షల బాండు వాటాలోంచి ఇవ్వండి, కాగితం రాసుకుని ఇవ్వండి. సీనియర్ సిటిజన్ స్కీము పాసుబుక్కు మాత్రం ఆ సంభాషణలోకి రానివ్వకండి. మొదటి ఏడాదిలో మూసేస్తే ఒక్క రూపాయి వడ్డీ కూడా మిగలదు, ఆ తర్వాత తీసినా అసలులో ఒకటి, ఒకటిన్నర శాతం కోత పడుతుంది.