గడువుకు ముందే ఇల్లు ఖాళీ చేస్తే డిపాజిట్టు మొత్తం వదులుకోవాలా?

ప్రశ్న: పదకొండు నెలల ఒప్పందం మీద బల్లార్షాలో ఒక ఇంట్లో అద్దెకు దిగాము. నెల అద్దె 8,000 రూపాయలు, డిపాజిట్టు 40,000. మావారికి నాగ్‌పూర్ బదిలీ కావడంతో, నెల రోజుల ముందే చెప్పి, ఆరో నెలాఖరున ఖాళీ చేశాము. ఒప్పందం మరాఠీలో రాసి నోటరీ చేయించారే తప్ప రిజిస్టరు చేయించలేదు. గడువుకు ముందు వెళితే డిపాజిట్టు తిరిగి ఇవ్వనక్కరలేదని అందులో ఉందని, పైగా రంగులకే 12,000 అవుతుందని యజమాని అంటున్నారు. మేము వచ్చేసిన పక్షం రోజులకే ఆ ఇంట్లో మరొకరు దిగారు. మా డబ్బు మాకు వస్తుందా?
— ఒక పాఠకురాలు, చంద్రపూర్ జిల్లా

జవాబు: చాలావరకు రావాలి. నోటరీ ముద్ర రిజిస్ట్రేషనుతో సమానమని మన వాళ్ళలో చాలామంది నమ్ముతారు, అది సరికాదు. మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టం, 1999లోని 55వ సెక్షను ప్రకారం లీవ్ అండ్ లైసెన్స్ (అద్దెదారు హక్కులు ఇవ్వకుండా కొంతకాలం ఉండనిచ్చే అనుమతి) ఒప్పందమైనా, అద్దె ఒప్పందమైనా రాతపూర్వకంగా ఉండి రిజిస్టరు కావాలి. ఆ బాధ్యత యజమానిదే. చేయించని పక్షంలో, వేరే విధంగా రుజువు కానంత వరకు, షరతుల గురించి అద్దెకున్నవారు చెప్పే మాటే చెల్లుతుంది. పైగా యజమానికి మూడు నెలల వరకు జైలు లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అయితే మీరు సంతకం పెట్టిన కాగితాన్నే ఆయన రుజువుగా చూపే ప్రయత్నం చేస్తారు కనుక, దాన్ని ముందుగా మరాఠీ బాగా చదవగలిగినవారి చేత అక్షరం అక్షరం చదివించుకోండి.

ఆ షరతు నిజంగానే ఉందనుకుందాం. అప్పుడు కూడా భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 74వ సెక్షను మీకు అండగా నిలుస్తుంది: ఒప్పందంలో ఎంత మొత్తం రాసుకున్నా, దక్కేది దానికి మించని సహేతుకమైన పరిహారం మాత్రమే. నష్టమే జరగనప్పుడు ఈ సెక్షను కింద పరిహారం లేదని సుప్రీంకోర్టు 2015లో కైలాశ్‌నాథ్ అసోసియేట్స్ కేసులో స్పష్టం చేసింది. మీ విషయంలో ఇల్లు ఖాళీగా ఉన్నది పక్షం రోజులే, అంటే దాదాపు 4,000 రూపాయల అద్దె. అది, బాకీ ఉన్న కరెంటు బిల్లు తీసివేసి మిగతాది అడగడం నా దృష్టిలో న్యాయం. కానీ ఫలానా నెల వరకు ఖాళీ చేయరాదన్న లాక్‌ఇన్ షరతు ప్రత్యేకంగా ఉంటే యజమాని వాదనకు బలం వస్తుంది. అప్పుడు కొత్తవారు ఏ తేదీన దిగారన్న ఆధారం మీకు ప్రాణంతో సమానం.

రంగుల సంగతికి వస్తే, గోడ మీద నెలల తరబడి పేరుకున్న మురికి వాడకంలో వచ్చే అరుగుదల. పగిలిన వాష్‌బేసిన్, ఊడిన తలుపు గడియ నష్టం. మొదటిదానికి డబ్బు పట్టుకోవడం సబబు కాదు. రెండోది ఉంటే బిల్లు చూపమనండి.

తాళాలు అప్పగించిన తేదీ, చివరి మీటరు రీడింగు, డిపాజిట్టు ఇచ్చిన బ్యాంకు వివరం పేర్కొంటూ, ఎంత తగ్గించుకోవచ్చో మీరే లెక్క వేసి, స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. బదులు రాకపోతే సివిల్ కోర్టులో దావా వేయవచ్చు, దానికి సాధారణంగా మూడేళ్ళ గడువు ఉంటుంది. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది కనుక, దావా మీ పేరిట వేసేటట్లయితే, ఒప్పందంలో మీ సంతకం కూడా ఉన్నదీ లేనిదీ చూసుకుని, చంద్రపూర్ జిల్లా న్యాయ సేవాధికార సంస్థను సంప్రదించండి.