గేటు బయటి పిల్లల లెక్క

చి. సౌమ్యకు పెద్దమ్మ ఆశీస్సులు.

జిల్లా విద్యాశాఖ ఆఫీసులో నీకు ప్లానింగ్ సెక్షన్ ఇచ్చారని మీ అమ్మ చెప్పింది. శేరిలింగంపల్లి, గండిపేట వైపు లేస్తున్న అపార్ట్‌మెంట్లకు తగ్గట్టు ప్రాథమిక బడుల్లో ఎన్ని సీట్లు కావాలో నోట్ పెట్టమన్నారట, నువ్వు టెన్షన్ పడుతున్నావట. ఆ కుర్చీలో చాలా ఏళ్ళు కూర్చున్నదాన్ని కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నా. ఫోన్‌లో చెప్తే సగం మర్చిపోతావు.

అందరూ చేసే లెక్క ముందు నువ్వూ చెయ్యి. కొల్లూరు డబుల్ బెడ్‌రూం ఇళ్ళే తీసుకో. 2023 జూన్‌లో ప్రారంభించారు, మొత్తం 15,660 ఇళ్ళు. ఇంటికి నలుగురు అనుకుంటే 62 వేల పైచిలుకు మనుషులు. 2011 జనగణనలో హైదరాబాద్ జిల్లా జనాభాలో 0-6 వయసు పిల్లలు సుమారు 12 శాతం. ఇక్కడ చాలామంది ఆరుతో భాగిస్తారు. సున్నా నుంచి ఆరు దాకా ఉన్నవి ఏడు వయసులు బిడ్డా, ఏడుతో భాగించాలి. అప్పుడు ఒక్కో వయసుకు 1.7 శాతం వస్తుంది, అంటే ఒక్కో తరగతికి వెయ్యి మంది పైన. ఐదు తరగతులకు 5,300 మంది. కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ 2014 మార్గదర్శకాల్లో ఐదు వేల జనాభాకు ఒక ప్రాథమిక బడి, దానికి 0.4 హెక్టార్లు, అంటే దాదాపు ఎకరం అని ఉంది. ఆ లెక్కన పన్నెండు బడులు, పన్నెండు ఎకరాలు. ఫైల్లో ఈ అంకె చూసి పైవాళ్ళు నవ్వుతారు. నవ్వనీ, నువ్వు మాత్రం రాసి ఉంచు. లెక్క ఎక్కడ మొదలైందో చెప్పడానికి అది పనికొస్తుంది.

2011 తర్వాత పిల్లలు తగ్గారు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో ఒక్కో స్త్రీకి సగటున 1.8 కాన్పులే. కానీ కొత్త కాలనీల్లో దిగేది ఎక్కువగా కొత్తగా పెళ్ళయిన జంటలు, చిన్న పిల్లల తల్లిదండ్రులు. కాబట్టి జిల్లా సగటును కొత్త కాలనీ మీద ఉన్నదున్నట్టు పెట్టొద్దు. పదిహేనేళ్ళు గడిచాక అదే కాలనీలో ప్రాథమిక పిల్లలు పలచబడతారు. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో పాత ఫేజులు ఒకసారి తిరిగి చూడు, కుటుంబాలు ఉన్న ఇళ్ళు ఎన్ని, హాస్టళ్ళుగా మారిన ఇళ్ళు ఎన్ని అని. కొండాపూర్, గచ్చిబౌలిలో ముగ్గురు నలుగురు ఉద్యోగులు కలిసి ఉండే ఫ్లాటుకూ ఒక డోర్ నంబరు ఉంటుంది, బడికెళ్ళే పిల్ల మాత్రం ఉండదు.

ఇక అసలు సంగతి. కొల్లూరులో ఇళ్ళు వచ్చింది పేదవాళ్ళకు, వాళ్ళ పిల్లల్లో చాలామంది మన ప్రభుత్వ బడికే వస్తారు. అవే పదిహేను వేల ఫ్లాట్లు కోకాపేటలో లేస్తే? పొద్దున ఏడింటికి గేటు దగ్గర నిలబడి చూడు, ప్రైవేటు స్కూళ్ళ పసుపు బస్సులు వరసగా ఆగుతాయి. లోపలి పిల్లలు మన హాజరు పట్టీలోకి దాదాపు రారు. అందుకని కొత్త టవర్ల వల్ల ప్రభుత్వ బడి మీద భారం పడదని నోట్ రాసేవాళ్ళు ఉంటారు. అది శుద్ధ తప్పు. ఒక్కో టవర్‌కి వాచ్‌మెన్లు, హౌస్‌కీపింగ్ వాళ్ళు, వంట మనుషులు, డ్రైవర్లు, ఇస్త్రీ బండివాళ్ళు, కూరగాయలమ్మేవాళ్ళు కావాలి. వాళ్ళు టవర్‌లో ఉండరు. నల్లగండ్ల, గోపనపల్లి, పుప్పాలగూడ లాంటి చోట్ల పాత ఊళ్ళో ఒకటీ ఒకటిన్నర గదుల పోర్షన్లలో ఉంటారు. ఫ్లాట్లు గేటు లోపల పెరిగితే మన బడి పిల్లలు గేటు బయట పెరుగుతారు. నీ నోట్ అంతా దీని చుట్టూ తిరగాలి.

చిక్కేమిటంటే ఈ పోర్షన్లు ఏ రికార్డులోనూ సరిగా కనపడవు. పెద్ద ప్రాజెక్టులైతే రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ, వెబ్‌సైట్‌లో ఉంటాయి. ఎన్ని ఫ్లాట్లు, ఎన్ని బెడ్‌రూములు, ఎప్పటికి పూర్తి చేస్తామన్నారు, అన్నీ ఇంట్లో కూర్చునే చూడొచ్చు. అందులో రాసిన గడువును నమ్మకు, ఒకటి రెండేళ్ళు కలుపుకో. ఓసీ, అంటే ఇంట్లో దిగొచ్చని ఇచ్చే సర్టిఫికెట్, వచ్చాక కూడా ఇళ్ళు నిండటానికి టైం పడుతుంది. కానీ ఎనిమిది ఫ్లాట్లకు మించని బిల్డింగులకు రెరాలో నమోదు అక్కర్లేదు. వంద గజాల్లో నాలుగంతస్తులు లేపి పోర్షన్లు అద్దెకిచ్చే ఇళ్ళన్నీ అలా తప్పిపోతాయి. మన పిల్లలుండేది సరిగ్గా అక్కడే. కరెంటు సెక్షన్ ఆఫీసుకి వెళ్ళి ఆ ఊళ్ళో రెండు మూడేళ్ళలో కొత్త గృహ మీటర్లు ఎన్ని ఇచ్చారో అడుగు. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ఆఫీసులో రోజూ గేటు దగ్గర ఎంట్రీ అయ్యే పనివాళ్ళ సంఖ్య ఉంటుంది. పేర్లు అడక్కు, ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. ఎంతమంది, ఏ వైపు నుంచి వస్తారు, అంతే.

జనన ధృవీకరణల లెక్కను మాత్రం జాగ్రత్తగా వాడు. ఏ ఆసుపత్రిలో కాన్పు జరిగితే ఆ పరిధిలోనే పుట్టుక నమోదవుతుంది. అందుకే నీలోఫర్ ఉన్న చోట పిల్లలు కుప్పలుగా కనపడతారు, వాళ్ళుండే వార్డులో ఎవరూ పుట్టనట్టు ఉంటుంది. పైగా మన ఆడపిల్లలు తొలి కాన్పుకి పుట్టింటికి పోతారు. పాలమూరులో పుట్టిన పిల్ల మూడో నెలకి పుప్పాలగూడ వస్తుంది. అంగన్‌వాడీ టీచర్ రిజిస్టరు, ఆశా వర్కర్ టీకాల జాబితా అంతకంటే నయం. అంగన్‌వాడీ టీచర్‌తో కూర్చుని టీ తాగు, ఏ సందులో కొత్తగా ఎవరు దిగారో ఆమెకు తెలిసినంత ఇంకెవరికీ తెలీదు. జనగణన 2021లో జరగాల్సింది 2027కి పోయింది కాబట్టి దాని కోసం కాచుక్కూర్చోకు. 2024 నవంబరులో జరిగిన ఇంటింటి సర్వే అంకెలు కలెక్టరేట్ నుంచి దొరికితే మంచిదే.

భవన నిర్మాణ కార్మికుల పిల్లల్ని వేరే కాలమ్‌లో రాయి. వాళ్ళు సంక్రాంతికి పోతారు, కొందరు తిరిగి రారు, టవర్ పూర్తయితే అందరూ ఇంకో సైటుకి పోతారు. వాళ్ళ కోసం శాశ్వత గదులు అడగొద్దు, అలాగని వాళ్ళని వదిలెయ్యనూ వద్దు. ఒడియా, హిందీ మాట్లాడే పిల్లలు ఎంతమందో కూడా రాస్తే పుస్తకాల దగ్గర, విద్యా వాలంటీర్ల దగ్గర పనికొస్తుంది. పిల్లల్ని బడిలో చేర్పించే బడిబాట ఒక్క జూన్‌లో చేసి ఊరుకుంటే వీళ్ళు చిక్కరు.

విద్యాహక్కు చట్టం నిబంధనల ప్రకారం ఒకటి నుంచి ఐదు వరకు బడి కిలోమీటరు లోపు ఉండాలి. ఆఫీసులో మ్యాప్ మీద గుండ్రంగా గీసి, ఉంది, సరిపోయింది అంటారు. ఆ గీత మధ్యలో పాత ముంబై హైవే ఉంటే? నాలా ఉంటే, రైలు పట్టాలుంటే? ఆరేళ్ళ పిల్ల నడిచే దారిలో ఒకసారి నువ్వు నడువు. ఎక్కడ దాటలేకపోయావో అది నోట్‌లో రాయి, ఫొటో పెట్టు. పిల్లలున్నా బడికి రాలేని చోట సీట్లు ఖాళీగా ఉన్నట్టే లెక్క వస్తుంది.

రేషనలైజేషన్ జాబితా వచ్చిన రోజు గట్టిగా నిలబడు. ఇరవై మంది పిల్లలున్న బడిని పక్క బడిలో కలిపేసి టీచర్‌ని లాగేస్తారు. చట్టంలో అరవై మంది దాకా ఇద్దరు టీచర్లు ఉండాలని ఉంది. అయినా అసలు బాధ టీచర్ గురించి కాదు. మూతబడిన బడి స్థలం రెండేళ్ళలో ఇంకో ఆఫీసుకో, పార్కింగ్‌కో పోతుంది. ఆ పక్కనే రెండు వేల ఫ్లాట్లు లేస్తున్నాయని రెరాలో కనపడుతుంటే ఆ బడిని మూయనివ్వకు. కనీసం అంగన్‌వాడీనో ప్రీ-ప్రైమరీనో అందులో పెట్టించి తాళం పడకుండా చూడు. చాలామంది తల్లులు మన బడిలో నర్సరీ లేక చిన్న ప్రైవేటు స్కూల్లో వేస్తారు, ఒకసారి వేశాక ఒకటో తరగతికి ఇటు రారు. ఫీజు కట్టలేనప్పుడు మూడులోనో నాలుగులోనో వస్తారు. 2021లో కరోనా దెబ్బకి అలాగే ఒక్కసారిగా వచ్చారు. కాబట్టి ఒకటో తరగతి అంకెనే పైకి లాక్కుంటూ పోతే మూడు, నాలుగు తరగతుల గదులు సరిపోవు.

స్థలం గురించి ఎంత చెప్పినా తక్కువే. డబ్బు ఏదో ఒక పథకంలో వస్తుంది. మన బస్తీ మన బడి అన్నారు, తర్వాత అమ్మ ఆదర్శ పాఠశాల అన్నారు, రేపు ఇంకో పేరు పెడతారు. స్థలం మాత్రం ఒకసారి పోతే రాదు, ఆ వైపు ఎకరం ధర నీకు తెలిసిందే. కాబట్టి లెక్క పూర్తయ్యేదాకా ఆగకు. తహసీల్దార్ ఆఫీసులో ఆ గ్రామం ప్రభుత్వ భూముల జాబితా తీసుకో, ఎకరం అరెకరం ముక్కలైనా సరే సర్వే నంబర్లతో గుర్తు పెట్టుకో. బడికి కావాలని అడ్వాన్స్ పొసెషన్ కోసం, అంటే స్థలం ముందే స్వాధీనం చెయ్యమని, జిల్లా విద్యాధికారి (డీఈఓ) గారి సంతకంతో కలెక్టర్ గారికి లెటర్ పెట్టించు. లేఅవుట్లలో వదిలిన ఖాళీ స్థలాలకు గిఫ్ట్ డీడ్ ఉంటుంది, అందులో పార్కు అని ఉందా బడి అని ఉందా చదువు. పార్కు స్థలం జోలికి పోకు, కాలనీవాళ్ళు కోర్టుకెళ్తారు, వాళ్ళదే న్యాయం.

నోట్‌లో రెండు అంకెలు పక్కపక్కన పెట్టు. ఒకటి మొత్తం పిల్లలది, ఎందుకంటే చట్టం గేటు లోపలా బయటా అని చూడదు. రెండోది మన బడికి నిజంగా వచ్చేవాళ్ళది, ఊరి పేరుతో, ఏడాది వారీగా. రెండో అంకె ఎలా వచ్చిందో సగం పేజీలో రాయి, ఒకరు అడిగితే చూపించేలా. బడులకు నిధులిచ్చే సమగ్ర శిక్ష పథకం వార్షిక ప్రణాళిక తయారయ్యే చలికాలానికి ముందే ఇది ఫైల్లో ఉండాలి, తర్వాత ఇస్తే ఏడాది పోయినట్టే.

స్థలం చూపించే రోజు మండల సర్వేయర్‌తో పాటు ఆ బడి హెడ్మాస్టర్‌ని కూడా తీసుకెళ్ళు. హద్దురాళ్ళు పాతినప్పుడు పక్క స్థలంవాళ్ళ సంతకాలు పంచనామాలో తీసుకో. స్కెచ్ కాపీ ఒకటి ఫైల్లో, ఒకటి బడి బీరువాలో, ఇంకొకటి నీ దగ్గర పెట్టుకో. ప్రహరీకి డబ్బు వచ్చేదాకా కడీలు పాతి ముళ్ళతీగైనా వేయించు, బోర్డు పెట్టించు.

మీ పెద్దమ్మ

తా.క. ఎండలో తిరిగేటప్పుడు నీళ్ళ సీసా మర్చిపోకు. గోపనపల్లి వైపు వెళ్ళే రోజు ముందే ఫోన్ చెయ్యి, నేనూ వస్తా.