దేవుడు లోకాన్ని ప్రేమిస్తాడు సరే, నన్ను?

ప్రశ్న: మాది సికింద్రాబాద్. నాకు 31 ఏళ్లు, పెళ్లై నాలుగేళ్లు. పుట్టినప్పటి నుంచీ చర్చిలోనే పెరిగాను. జనవరి 1న చర్చిలో తీసుకున్న వాగ్దానం కార్డులో, అంటే ఏడాదికని తీసే బైబిల్ వాక్యంలో, ‘నీ గర్భఫలము దీవింపబడును’ అని వచ్చింది. మార్చిలో ప్రెగ్నెన్సీ అని తెలిసింది, పదో వారంలో పోయింది. ఆ మాట ఉన్న ద్వితీయోపదేశకాండం 28వ అధ్యాయం తీసి చూస్తే మొదట్లోనే ‘మాట శ్రద్ధగా వింటే’ అని షరతు ఉంది. ఉపవాసాలు, బైబిల్ చదివిన రోజులు నోట్‌బుక్‌లో రాసుకుంటాను, మానేసిన రోజులు ఎర్ర పెన్నుతో. ఫిబ్రవరి అంతా ఎరుపే. అత్తయ్య కూడా ‘ప్రార్థన తగ్గించేశావు కదమ్మా’ అన్నారు. చిన్నప్పుడు మార్కులు తగ్గితే నాన్న రెండ్రోజులు మాట్లాడేవారు కాదు, ఇప్పుడు దేవుడూ అలాగే ఉన్నాడనిపిస్తోంది. ఆఫీసుకెళ్తూ ఎంఎంటీఎస్ రైల్లో కూర్చుని ‘నాకే ఎందుకిలా చేశావు’ అనడం తప్ప వేరే ప్రార్థన రావడం లేదు. తల్లి గర్భంలో నన్ను నిర్మించావు అనే 139వ కీర్తన దగ్గర స్కాన్ కాగితం పెట్టుకున్నాను, బైబిల్ తెరవాలంటేనే భయం. నాది అసలు విశ్వాసమేనా?

జవాబు: అమ్మా, ముందు డాక్టరు చెప్పాల్సిన మాట చెప్తాను, మీకెవరూ గట్టిగా చెప్పినట్టు లేదు. తెలిసిన గర్భాల్లో నూటికి 10 నుంచి 20 దాకా ఇలా పోతాయి, మొదటి మూడు నెలల్లో పోయేవాటిలో దాదాపు సగానికి కారణం క్రోమోజోముల్లో తేడా. మీరు ఫిబ్రవరిలో ఎన్ని అధ్యాయాలు చదివారో ఆ క్రోమోజోములకు తెలియదు. మీ సంగతేమిటో మీ గైనకాలజిస్టును అడగండి, నోట్‌బుక్‌ను అడగొద్దు.

అత్తయ్య మాటకొస్తే, పుట్టుగుడ్డివాణ్ణి చూసి ‘పాపం చేసింది వీడా, వీణ్ణి కన్నవాళ్లా’ అని అడిగింది యేసు శిష్యులే. ఎవరూ కాదన్నాడాయన. శిష్యులకే వచ్చిన అనుమానం మీ అత్తయ్యకు రావడంలో వింతేమీ లేదు గానీ, ఆ జవాబు ఆవిడకు చదివి వినిపించాల్సింది మీరు కాదు, మీ ఆయన.

ఇక ఆ కార్డు. అది యొర్దాను దాటకముందు మోయాబు దేశంలో ఇశ్రాయేలు జనం మొత్తానికి మోషే చెప్పిన మాట. అందులోంచి ఒక ముక్క కత్తిరించి, గులాబీ పువ్వు బొమ్మ మీద అచ్చేసి, పళ్లెంలో పెట్టి కళ్లు మూసుకుని తీయమంటే, అది మీ పేరున వచ్చిన ఉత్తరం అయిపోదు. (నేనూ ఏటా తీస్తాను, ఫ్రిజ్‌కి అంటిస్తాను, అది వేరే సంగతి.) మీరు షరతు దాకా వెళ్లి చదివారు, బాగానే ఉంది. కానీ అదే అధ్యాయంలో కింద శాపాల పెద్ద జాబితా కూడా ఉంది, ధర్మశాస్త్రం మోపిన శాపం నుంచి మనల్ని విడిపించడానికి క్రీస్తే శాపమయ్యాడని గలతీయులకు పౌలు రాశాడు, మీరు అక్కడిదాకా రాకుండా మధ్యలోనే ఆగి మీ మీద మీరే తీర్పు రాసేసుకున్నారు.

మీరు ఒక్క ముక్కలో రాసి వదిలేసిన నాన్నగారి సంగతి నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించింది. ఆ నోట్‌బుక్ మీ చిన్నప్పటి ప్రోగ్రెస్ రిపోర్టే, సంతకం పెట్టేవాడు మారాడంతే. తప్పిపోయిన కుమారుడి కథలో అందరూ ఆస్తి తగలేసి తిరిగొచ్చిన చిన్నోడి గురించే చెప్తారు, మీరు పెద్దోణ్ణి చూడండి. ఇన్నేళ్లు చాకిరీ చేశాను, ఒక్క మాట మీరలేదు, నాకు మేకపిల్లనైనా ఇవ్వలేదు అని వాకిట్లో నిలబడి లెక్క అప్పజెప్తాడు. తండ్రి ఆ లెక్క సరిచూడడు. చిన్నోడు తిరిగొచ్చాడని పెట్టిన విందు వదిలేసి తనే బయటికొచ్చి బతిమాలతాడు, నావన్నీ నీవే కదరా అంటాడు. పెద్దోడు లోపలికి వెళ్లాడో లేదో లూకా రాయలేదు. మీరిప్పుడు ఆ వాకిట్లోనే ఉన్నారు, తండ్రి కూడా అక్కడే ఉన్నాడు.

విశ్వాసమేనా అని అడిగారు. సంఘాన్ని హింసించిన పౌలు క్రీస్తు ‘నన్ను ప్రేమించి, నాకొరకు’ తన్ను తాను అప్పగించుకున్నాడని రాసుకున్నాడు, మనల్ని అని కూడా అనలేదు. మనమింకా పాపులుగా ఉన్నప్పుడే ఆ ప్రేమ వచ్చిందని రోమీయులకు రాసిందీ ఆయనే. అంటే ప్రేమ ముందు, దాని మీద ఆనుకోవడం తర్వాత, మీరు దాన్ని నెలాఖరు జీతంలా చూస్తున్నారు. ఆనుకోవడానికి మనసులో వెచ్చగా ఏదో అనిపించాలని లేదు. 88వ కీర్తన చీకట్లోనే ముగుస్తుంది, అయినా మొత్తం దేవుడితో మాట్లాడుతున్నట్టే ఉంటుంది. ఎంఎంటీఎస్‌లో ‘ఎందుకిలా చేశావు’ అంటున్నారే, ఎవరితో అంటున్నారు? లేనివాడితోనో, పట్టించుకోనివాడితోనో రోజూ అంతసేపు ఎవరూ పోట్లాడరు.

నోట్‌బుక్ బీరువాలో పెట్టేయండి. ఉపవాసాలు కూడా డాక్టరు సరేననే దాకా వద్దు. చచ్చిపోతే బాగుండునని బదరీవృక్షం కింద పడుకున్న ఏలీయా ప్రవక్తకు దేవదూత తెచ్చింది రొట్టె, నీళ్లు, అవి తిని తాగాక మళ్లీ పడుకోనిచ్చాడు. చర్చిలో సాక్ష్యాలు చెప్పేటప్పుడు, ముఖ్యంగా బిడ్డల సాక్ష్యాలప్పుడు, కూర్చోలేకపోతే లేచి బయటికి వెళ్లండి, ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. రెండు వారాలైనా నిద్ర, తిండి కుదుటపడకపోతే కౌన్సెలర్‌ని నేరుగా కలవండి. బతకాలని లేదనిపిస్తే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకుండా 14416కి ఫోన్ చేయండి, టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, రాత్రి పగలూ ఉంటారు, తెలుగులో మాట్లాడతారు. దానివల్ల విశ్వాసం తగ్గిపోదు.

స్కాన్ కాగితం అక్కడే ఉండనివ్వండి. చదవాలనిపిస్తే ప్రస్తుతానికి ఫోన్‌లో చదువుకోండి. ఆ పేజీ తెరిచే రోజు మీ ఆయన్ని పక్కన కూర్చోమనండి, పోయింది ఆయన బిడ్డ కూడా. ఆయన ఇప్పటిదాకా ఏడ్చారో లేదో మీరు రాయలేదు.